సెస్నాలో సరిహద్దు దాటాం: సియాటిల్ నుంచి విక్టోరియాకు

సియాటిల్‌లోని బోయింగ్ ఫీల్డ్ నుంచి కెనడాలోని విక్టోరియా విమానాశ్రయానికి తిన్నగా వెళ్తే దాదాపు 80 నాటికల్ మైళ్లు. మా ఫ్లయింగ్ క్లబ్బు చిన్న విమానం సెస్నా 172లో గంటలోపు ప్రయాణం. దానికి సిద్ధం కావడానికి నాకు మూడు వారాలు పట్టింది. ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చినప్పటి నుంచి అమెరికా లోపలే తిరిగాను, దేశం దాటడం అదే మొదలు. కాగితాలు ఒకసారి సమకూర్చుకుంటే చాలు, టైము మాత్రం తిరిగొచ్చి దిగేదాకా చూసుకుంటూనే ఉండాలి. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది, అందుకే రాస్తున్నాను.

మొదట విమానం కాగితాలు. అమెరికా లోపల ఎగిరినన్నాళ్లూ చిన్న విమానం రేడియోకి విడిగా లైసెన్సు అక్కర్లేదు. సరిహద్దు దాటితే మాత్రం రెండు కావాలి: విమానంలోని రేడియోకి అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ ఎఫ్‌సీసీ ఇచ్చే స్టేషన్ లైసెన్సు, ఆ రేడియోలో మాట్లాడే పైలట్‌కు ఆపరేటర్ పర్మిట్. పర్మిట్‌కి పరీక్ష లేదు, ఒకసారి తీసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. స్టేషన్ లైసెన్సుకు పదేళ్ల గడువు. ఒక సాయంత్రం హ్యాంగర్‌కి వెళ్లి, సీటు వెనక జేబులోని ప్లాస్టిక్ కవరు తీసి, అందులోవన్నీ రెక్క కింద నేల మీద పరిచాను. ఎయిర్‌వర్దీనెస్ సర్టిఫికెట్, రిజిస్ట్రేషన్, వెయిట్ అండ్ బ్యాలెన్స్ కాగితం సరిగ్గానే ఉన్నాయి. రేడియో లైసెన్సు మాత్రం గడువు దాటి నాలుగు నెలలైంది. అంతకుముందు ఎవరూ ఆ విమానాన్ని దేశం దాటించలేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు. లైసెన్సు క్లబ్బు పేరు మీద ఉంది, వాళ్లే అప్లై చేయాలి. కొత్తది చేతికొచ్చేసరికి రెండు వారాలు. ఆ రెండు వారాలూ నాకు టెన్షనే. ఈలోగా కస్టమ్స్ వాళ్ల ఏడాది స్టిక్కరు తెప్పించి తలుపు దగ్గర అతికించాం. ఇన్సూరెన్సు కెనడాలో చెల్లుతుందని, ఆ విమానాన్ని అక్కడికి తీసుకెళ్లడానికి నాకు అనుమతి ఉందని ఉత్తరాలు రాయించుకున్నాను.

తర్వాత మనుషుల సంగతి. మా ఆయనకీ నాకూ గ్రీన్ కార్డులున్నాయి. పాస్‌పోర్టు, కార్డు రెండూ చూపిస్తే కెనడా వీసా అక్కర్లేదు. మా మరిది హెచ్-1బీ మీద ఉన్నాడు, అతనికి వీసా కావాలి. "నా దగ్గర కెనడా వీసా ఉంది కదా వదినా, ఇంకేం కావాలి?" అన్నాడు. చిక్కు అతని పేరులో వచ్చింది. భారత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా రెండో గడిలో ఉంది. అలాంటి వాళ్లకు అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు చోట వేసి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ (పేరు తెలియదు అని అర్థం) అని మూడక్షరాలు ముద్రిస్తారు. మన వాళ్లలో చాలామందికి ఇది తెలిసిన బాధే.

ఆ పేరు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న ఈ-ఏపిస్ అనే ఆన్‌లైన్ ఫారం దగ్గర ఎదురైంది. ప్రైవేట్ విమానంలో అమెరికా నుంచి వెళ్లేటప్పుడూ తిరిగొచ్చేటప్పుడూ, లోపల ఎవరెవరున్నారో అమెరికా కస్టమ్స్, సరిహద్దు సంస్థ సీబీపీకి అందులో ముందే పంపాలి. 2009 నుంచి ఇది తప్పనిసరి. బయల్దేరడానికి కనీసం 60 నిమిషాల ముందు పంపి, జవాబు మెయిల్ చేతిలో పెట్టుకున్నాకే ఎగరాలి. రెండు వైపులవీ ముందే పంపేయొచ్చు, నేను అదే చేశాను. మరిది పేరు గురించి, తిరిగొచ్చేటప్పుడు మేం అమెరికాలో మొదట దిగాల్సిన బెల్లింగ్‌హామ్ విమానాశ్రయంలోని కస్టమ్స్ ఆఫీసుకి ఫోన్ చేసి అడిగి, వాళ్లు చెప్పినట్టు వీసాలో ఉన్నది ఉన్నట్టే నింపాను. ఆ మెయిల్ వస్తే దిగడానికి అనుమతి వచ్చినట్టు కాదని కూడా అప్పుడే తెలిసింది. దిగే విమానాశ్రయంలోని ఆఫీసుకి విడిగా ఫోన్ చేసి, ఫలానా టైముకి వస్తున్నామని చెప్పి ఒప్పించుకోవాలి.

కెనడా వైపు పద్ధతి వేరు, అంతా ఫోన్ మీదే. అక్కడి సరిహద్దు సంస్థ సీబీఎస్‌ఏకి దిగే టైముకి రెండు గంటల ముందు, 48 గంటలు మించకుండా ఫోన్ చేయాలి. పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నంబర్లు, విమానం మీది టెయిల్ నంబరు, ఎందుకొస్తున్నాం, ఏం తెస్తున్నాం, అన్నీ అడిగారు. అన్నీ ఒకే కాగితం మీద రాసుకుని కూర్చోవడం వల్ల పది నిమిషాల్లో అయిపోయింది.

దారిలో నీళ్లున్నాయి, అక్కడ చల్లటి నీళ్లు. ఇంజను ఆగితే తీరం చేరలేనంత దూరం నీటి మీద ఎగిరితే మనిషికొక లైఫ్ జాకెట్ ఉండాలని కెనడా నియమం. సెస్నా 172 ఇంజను ఆగినా వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు మైలున్నర గ్లైడ్ చేస్తుంది. 6,500 అడుగుల మీద తొమ్మిది మైళ్లు దాటి వెళ్లొచ్చు. అందుకని విడ్బీ దీవి, శాన్ వాన్ దీవులు పక్కనే ఉండేలా దారి గీసుకున్నాను. జాకెట్లు మాత్రం వదల్లేదు. నేల మీదే ఇద్దరికీ తొడిగి, విమానం లోపల గాలి నింపకూడదని, తలుపు దాటి బయటపడ్డాకే తాడు లాగాలని రెండుసార్లు చేయించాను. లోపలే ఉబ్బితే తలుపులోంచి బయటికి రావడం కష్టం.

శనివారం ఉదయం పదింటికి బయల్దేరాం. సరిహద్దు దాటకముందే ఫ్లైట్ ప్లాన్ (ఎప్పుడు, ఏ దారిన ఎగురుతామో ముందే ఇచ్చే వివరాలు) యాక్టివేట్ చేసి ఉండాలి, కంట్రోలర్‌తో మాట్లాడుతూ ఉండాలి, మనకంటూ వాళ్లిచ్చిన నాలుగంకెల స్క్వాక్ కోడ్, రాడార్‌లో మన విమానాన్ని గుర్తుపట్టించే ట్రాన్స్‌పాండర్‌లో ఉండాలి. హారో జలసంధి మీద అమెరికా కంట్రోలర్ మమ్మల్ని కెనడా వైపు కంట్రోలర్లకు, అంటే విక్టోరియా టెర్మినల్‌కి అప్పగించాడు. కింద నీళ్లు ఒకేలా ఉన్నాయి, సరిహద్దు గీత ఎక్కడుందో జీపీఎస్ తెరలోనే కనిపించింది. దిగి, చెప్పిన చోట ఆపి, ఇంజను ఆపేసి, ఎవరూ దిగకుండా కూర్చున్నాం. సీబీఎస్‌ఏకి మళ్లీ ఫోన్ చేశాను. అక్కడి ఆఫీసరు ఒకటి రెండు ప్రశ్నలడిగి రిపోర్టు నంబరు చెప్పింది. తొడకి కట్టుకునే రాత పలక, నీబోర్డు మీద దాన్ని రాసుకుంటుంటే చెయ్యి వణికింది. "దిగండి" అని మా వాళ్లతో అన్నప్పుడు గాని నా భుజాలు వదులు కాలేదు.

ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణంలో టైము నన్ను దాదాపు ముంచేసింది. సాయంత్రం ఐదున్నరకి బయల్దేరి బెల్లింగ్‌హామ్‌లో దిగాలి. కస్టమ్స్‌కి ఇచ్చినవన్నీ స్థానిక టైములు. ఫ్లైట్ ప్లాన్ మాత్రం ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైములో ఇవ్వాలి. వేసవిలో మా స్థానిక టైముకు ఏడు గంటలు కలపాలి, అంటే 00:30. అప్పటికి యూటీసీలో తేదీ సోమవారం అయిపోతుంది. నేను గంటలు మార్చి తేదీ మార్చడం మరిచాను. ఫోన్‌లో ప్లాన్ రాసుకుంటున్న బ్రీఫర్ ఆగి, "అది నిన్న సాయంత్రం అవుతుంది కదా, ఏ రోజు?" అని అడిగాడు. అతను అడక్కపోతే నా ప్లాన్ గడిచిపోయిన టైముకి ఉండేది.

అది సరిచేశాక పెట్రోలు ట్రక్కు ఆలస్యమైంది. 20 నిమిషాలు వెనకబడ్డాం. సర్దుకుపోతుందిలే అని ఎగరకూడదు. చెప్పని టైముకి దిగితే మొదటి తప్పుకే 5,000 డాలర్ల దాకా జరిమానా ఉంది. రెక్క పక్కన నిలబడే బెల్లింగ్‌హామ్ ఆఫీసుకి ఫోన్ చేసి కొత్త టైము చెప్పాను. అక్కడి ఆఫీసరు "సరే, 6:15" అని తిరిగి చదివి వినిపించాక ఫ్లైట్ ప్లాన్ కూడా మార్పించి ఇంజను స్టార్ట్ చేశాను.

6:14కి దిగాం. కస్టమ్స్ గడి గీతల మధ్య ఆపి, ఆఫీసరు వచ్చేదాకా బెల్టులు కూడా తీయలేదు. ఆయన చేతిలో రేడియేషన్ పరికరంతో విమానం చుట్టూ తిరిగి, స్టిక్కరు చూసి, పాస్‌పోర్టులు తీసుకున్నాడు. మరిది వీసా దగ్గర క్షణం ఆగి, తన దగ్గరున్న కాగితంతో పోల్చుకుని, తలూపాడు. పండ్లేమైనా తెచ్చారా అని అడిగి, లేవంటే వెళ్లొచ్చన్నాడు. మా వాళ్లు సంచులు దించుతుంటే నేను ఫోన్ తీసి, ఫ్లైట్ ప్లాన్ క్లోజ్ చేయమని చెప్పాను.