మార్కులు యాసకా, మాటకా?

ప్రెజెంటేషన్ మార్కుల జాబితా రాకముందే, అందులో పైన ఎవరుంటారో చెప్పేయగలను. బెంగళూరులో పెద్ద స్కూళ్లలో చదివినవాళ్లు పైన. హిందూపురం, కదిరి, మదనపల్లె నుంచి వచ్చి బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉంటున్న మన పిల్లలు కింద. ఇంజినీరింగ్ వాళ్లకు కమ్యూనికేషన్ స్కిల్స్ చెప్పే నాకు ఈ వరస అస్సలు మింగుడుపడదు.

మొన్న మదనపల్లె అమ్మాయి టమాటా ధరల మీద మాట్లాడింది. నెట్‌లో దొరికిన వ్యాసాన్ని బట్టీపట్టి, కళ్లు ఫ్యాను మీద పెట్టి అప్పజెబుతోంది. మధ్యలో ఒక వాక్యం జారిపోయేసరికి బిగుసుకుపోయింది. "కాగితం వదిలెయ్యమ్మా, మీ నాన్న యార్డుకు పోతే ఏం జరుగుతుందో చెప్పు" అన్నాను. ఇక చూడండి! క్రేట్లు దించడం, మండీవాళ్ల కమీషను, వేలంపాట, రేటు పడిపోతే బండి బాడుగ కూడా రాక కాయల్ని రోడ్డు పక్కన పారబోయడం, అన్నీ ఇంగ్లీషులోనే చెప్పుకొచ్చింది. 'లోడ్' కాస్తా 'లోడు' అయింది, 'మార్కెట్' 'మార్కెట్టు' అయింది. వెనక బెంచీవాళ్లు మాత్రం ఫోన్లు పక్కన పెట్టి విన్నారు.

నా పక్కనున్న ఎగ్జామినర్ పదికి నాలుగు వేశారు. "యాక్సెంట్ చాలా హెవీ మేడమ్" అట. సరే, యాక్సెంట్‌కు కోసుకోండి. విషయానికెంత, ఉదాహరణలకెంత అంటే, అన్నిటికీ కలిపి ఆ నాలుగే!

ఇది కొత్త జబ్బేం కాదు. సైనికాధికారులు తమ కిందివాళ్లకు వేసిన మార్కులను పరిశీలించి అమెరికా మనస్తత్వవేత్త థార్న్‌డైక్ 1920లోనే దీనికి హేలో ఎఫెక్ట్ అని పేరు పెట్టాడు. ఒక గుణం నచ్చితే మిగతావన్నీ గొప్పగానే కనిపిస్తాయి. నచ్చకపోతే అన్నిటికీ కోతే. అమెరికాలో నేషనల్ కమ్యూనికేషన్ అసోసియేషన్‌వాళ్ల మూల్యాంకన పత్రంలో ఎనిమిది అంశాలుంటాయి. మొదటి నాలుగూ విషయం ఎంపిక, ఉద్దేశం, ఆధారాలు, అమరికల గురించే. ఉచ్చారణ వచ్చేది ఒక్కదాంట్లో, అదీ వ్యాకరణంతో కలిసి. ఇంగ్లీషు సొంతభాష అయినవాళ్లే ఉచ్చారణకు అంత చిన్న పీట వేస్తే, మనకెందుకో ఇంత పట్టింపు.

నా సెక్షన్ మార్కుల పత్రంలో ఇప్పుడు ఒక్కో అంశానికి గడి వేరు. ఉచ్చారణకు పదిలో ఒక్కటే. అదీ మాట అర్థం కానప్పుడే కోత. వినేవాళ్లకూ పనుంది. ప్రసంగం అయ్యాక తలా ఒక చీటీ మీద "ఏం చెప్పింది?" అన్నదానికి ఒక్క వాక్యం రాయాలి. చీటీల్లో చాలావరకు ఒకే మాట వస్తే ప్రసంగం చేరినట్టే. తలో మాటా వస్తే, ఎంత స్టైలుగా మాట్లాడినా అమరికకు మార్కులు పడవు. అవధానంలో అప్రస్తుత ప్రసంగిలా ఒకడు మధ్యలో అడ్డు ప్రశ్న వేయొచ్చని కూడా పెట్టాను. బట్టీగాళ్లు అక్కడే దొరికిపోతారు! (ఆ పని కోసం మావాళ్లు కొట్టుకుంటారు.)

ఈ పత్రాన్నే అన్ని సెక్షన్లకూ పెట్టమని డిపార్ట్‌మెంటులో అడిగాను. గడులు ఎక్కువైతే టైము చాలదంటున్నారు. నిజమే, అరవైమంది ఉన్న క్లాసులో మనిషికి నాలుగు నిమిషాలంటే నాలుగు గంటలు. అందుకే గడులు తగ్గించను గానీ, క్లాసును రెండు బ్యాచులు చేసి ల్యాబు గంటల్లో పెట్టుకుందాం అంటున్నాను.