ముందు నింపాల్సిన బుట్ట

ఆదివారం, మే నెల. రాత్రి 9:40.

గోళ్ళ సందుల్లోంచి మామిడి జీడి వాసన ఇంకా పోలేదు. కొబ్బరినూనె రాసి రెండుసార్లు కడిగాను. కుడి ముంజేతి మీద సొన పడ్డచోట చర్మం అప్పుడే నల్లబడింది, రేపటికి పొక్కుతుంది. ఒళ్ళంతా నొప్పులు. అయినా ఇవాళ్టిది రాయకుండా పడుకోబుద్ధి కావట్లేదు.

పొద్దున్న ఆరింటికల్లా విశాఖ సీతమ్మధారలో మామ్మగారింటి గేటు ముందు ఏడుగురం చేరాం. మా అపార్ట్‌మెంటు నుంచి నలుగురం, వెనకవీధి అన్నదమ్ములిద్దరు, ఆంధ్రా యూనివర్సిటీలో చదువుతున్న కుర్రాడొకడు. మాకు పేరూ లేదు, బోర్డూ లేదు. వాట్సాప్‌లో ఒక గ్రూపు, రెండు గెడలు, కూరగాయల కొట్టు నుంచి అరువు తెచ్చుకునే క్రేట్లు, అంతే. ఎవరి పెరట్లోనైనా కోసే దిక్కులేక కాయలు రాలిపోతుంటే కబురు పెడతారు. వెళ్ళి కోస్తాం, పంచుతాం. గెడకి కట్టే చిక్కం ఈసారి కొత్తది. పాతది పోయిన నెలలో పనసచెట్టు కొమ్మకి తగులుకుని చిరిగిపోతే, అన్నదమ్ముల్లో చిన్నవాడు ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి పాత వల ముక్క అడిగి తెచ్చి ఇనపరింగుకి అల్లాడు. కొన్న చిక్కం కన్నా గట్టిగా ఉంది.

మామ్మగారిది సుందరి చెట్టు. పుస్తకాల్లో సువర్ణరేఖ అని రాస్తారుగానీ మనవైపు సుందరే. ముచిక దగ్గర ఎర్రగా సిగ్గుపడ్డట్టుంటుంది కాయ. బంగినపల్లి కంటే ముందే దిగిపోతుంది కాబట్టి మే మూడోవారం దాకా ఆగితే చెట్టు కిందంతా ఈగలే. పిల్లలిద్దరూ దూరదేశాల్లో ఉన్నారు. ఆవిడకి మోకాళ్ళు సహకరించవు. కాయలు కోయించే మనిషి దొరికితే సగం కాయలు కూలికి అడుగుతున్నాడట, అదీ చెప్పిన రోజున రాడట.

ఆ చెట్టుకి తూర్పువైపు పెద్దకొమ్మ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీసుకుపోయింది. అదీ ఆదివారమే. వంటింట్లో గోడకి ఆనుకుని మామ్మగారూ వాళ్ళాయనా కూర్చుని ఉంటే ఫెళ్ళున చప్పుడైందట, ఇల్లే కూలిందనుకున్నారట. తెల్లారి చూస్తే కొమ్మ నేలమీద ఉంది, మిగిలిన చెట్టుకి ఒక్క పచ్చని ఆకు లేదు. ఆ ఉప్పుగాలికి ఊళ్ళో చెట్లన్నీ మంటలో మాడినట్టే అయ్యాయి, నాకూ గుర్తుంది. కొట్టేయించమని అందరూ అన్నారట. తాతగారు మాత్రం చీలిన చోట పేడా మట్టీ కలిపి మెత్తి గోనెపట్టా కట్టారు. రెండేళ్ళు పూత లేదు. మూడో ఏడు పదిహేను కాయలు కాసింది. ఇప్పుడు ఆయన లేరు. ఈ మాట చెబుతూ మామ్మగారు గోనెపట్టా కట్టిన చోటు చేత్తో తడిమి చూపించారు. బెరడు పెదవుల్లా మడతపడి దాదాపు మూసుకుపోయింది.

ఇద్దరు గెడలు పట్టారు, ఒకడు చెట్టెక్కాడు, మిగతావాళ్ళం కింద. ముచిక వేలెడు ఉండేలా కొయ్యాలి, లేకపోతే సొన కాయంతా కారి మచ్చ పడుతుంది, పండేలోపే కుళ్ళుతుంది. ముచిక తుంచిన కాయని గడ్డిమీద తలకిందులుగా బోర్లించి, సొన కారిపోయాక గానీ క్రేటులో పెట్టకూడదు. నేను తొందరలో నాలుగు కాయలు అలాగే ఎత్తాను, అదే ఈ ముంజేతి మచ్చ. పై కొమ్మల్లో ఎర్రచీమలు ఆకులు కుట్టి గూళ్ళు పెట్టుకున్నాయి. ఆ కొమ్మ జోలికి పోవద్దని మామ్మగారే అన్నారు. చిలకలకీ ఉడతలకీ ఉండనివ్వమన్నారు.

టొరంటోలో ఉన్న మా చెల్లెలు చెప్పినప్పటి నుంచీ మేం మూడు వాటాలు వేస్తున్నాం. అక్కడ ‘నాట్ ఫార్ ఫ్రమ్ ద ట్రీ’ అని 2008 నుంచి ఇదే పని చేస్తున్నవాళ్ళున్నారు. కోసిన పండ్లలో ఒక వాటా ఇంటివాళ్ళకి, ఒకటి కోసినవాళ్ళకి, ఒకటి ఊళ్ళో అవసరమున్నవాళ్ళకి భోజనం పెట్టే చోట్లకి. లెక్క బాగుందనిపించి మేమూ పట్టుకున్నాం. కానీ ఏ వాటా ముందు తియ్యాలో మాకెవరూ చెప్పలేదు.

పోయిన మే నెలలో ఇంకో ఇంట్లో కోసినప్పుడు మంచివి ఏరుకుని మా సంచుల్లో పెట్టుకున్నాం. కావాలని కాదు, చేతికి ముందు మంచిదే తగులుతుంది కదా. రాలినవి, దెబ్బతిన్నవి క్రేటులో మిగిలాయి. అవే వృద్ధాశ్రమానికి పంపాం. నాలుగు రోజుల తర్వాత అక్కడ అన్నీ చూసుకునే ఆవిడ ఫోన్ చేసి, చాలా మర్యాదగా, “మీరు మంచి మనసుతోనే తెచ్చారమ్మా. కానీ సగం పారబోయడానికి నాకు ఒక మనిషి కావాల్సొచ్చింది” అన్నారు. ఆ రోజు ఇంట్లో మేం తిన్న పండు ఎంత తియ్యగా ఉందో గుర్తొచ్చి నాకు నోటమాట రాలేదు. ఏడాదైనా ఆ మాట నన్ను వదల్లేదు.

అందుకే ఇవాళ కాటా పెట్టగానే నేనే చెప్పాను, ఆశ్రమం క్రేట్లు ముందు నింపుదాం, మచ్చలేనివి ఏరి మరీ. యూనివర్సిటీ కుర్రాడు ఒప్పుకోలేదు. “చెట్టెక్కింది మనం కదక్కా, చీమలతో కుట్టించుకున్నదీ మనమే” అన్నాడు. వాడి చెయ్యి నిజంగానే దద్దుర్లెక్కి ఉంది. వాడి మాటలో అన్యాయమేమీ లేదు. నేను సమాధానం వెతుక్కుంటుంటే అరుగుమీంచి మామ్మగారు, “మా అత్తగారి రోజుల్లో చెట్టుకి తొలికాయ కోస్తే దేవుడి దగ్గరొకటి, పొరుగింటికి పళ్ళెంలో నాలుగు, ఆ తర్వాతే ఇంట్లో కత్తిపీట వేసేది బాబూ” అన్నారు. వాడు ఇంకేం అనలేదు. వంగి, తనే ఏరడం మొదలుపెట్టాడు.

మొత్తం 94 కిలోలు. మామ్మగారు తన వాటాలో పది కాయలు చాలన్నారు. మిగిలినవాటితో ఆశ్రమానికి నాలుగు క్రేట్లయ్యాయి. షుగర్ ఉన్నవాళ్ళకి పెట్టాలా వద్దా అన్నది అక్కడి నర్సు చూసుకుంటారు, ముందే అడిగాం. కార్బైడ్ ముట్టించని కాయలు కాబట్టి పండటానికి నాలుగైదు రోజులు పడుతుందనీ, పేపర్లో పరిచి గాలి తగిలేలా ఉంచమనీ చెప్పి దించాం.

బయల్దేరేటప్పటికి వీధి ఊడ్చే ఆవిడ బండి తోసుకుంటూ వచ్చింది. నెలరోజులుగా మామ్మగారి గేటు ముందు కుళ్ళిన కాయలు రోజూ ఎత్తుతున్నది ఆవిడే. క్రేటు చూపించి తీసుకోమన్నాను. “ఏటమ్మా, రాలినియ్యా?” అంది. కాదు, కోసినవే అన్నాను. ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, కాసేపు అలాగే ఉంచుకుని, తర్వాత కొంగులో తొమ్మిది కట్టుకుంది. పదోది పెడితే వద్దంది.

నా వాటాకి ఆరు వచ్చాయి. రెండింటికి మచ్చలున్నాయి. మంచం కింద పేపర్ మీద పెట్టాను. వచ్చే ఆదివారం మురళీనగర్‌లో పనస, దానికి నూనె ఎక్కువ కావాలి, కొనాలి. గురువారం మర్చిపోకుండా ఆశ్రమానికి ఫోన్ చెయ్యాలి. ఎన్ని పండాయో, ఎన్ని పారేశారో, ఆవిడ్నే అడగాలి.