దండెం ఎత్తు

కుడి చేయి పైకి లేవడం లేదని నాకు మొదట బస్సులో తెలిసింది. నేను పనిచేసే బడి ఓర్వకల్లు దగ్గర ఒక పల్లెలో ఉంది. ఆ పొద్దున కర్నూల్లో బస్సెక్కితే సీటు దొరకలేదు. పైన రాడ్ పట్టుకోబోయాను. చేయి భుజం ఎత్తుకు వచ్చి ఆగిపోయింది. ఇంకాస్త లేపబోతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

నొప్పి అంతకు రెండు నెలల ముందే మొదలైంది. రాత్రిళ్లు కుడి పక్కకు తిరిగితే మెలకువ వచ్చేసేది. మా అత్తమ్మ రాళ్ల ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది. "వాయువు పట్టిందిలేమ్మా, అదే పోతాది" అనేది. కాపడం హాయిగానే ఉండేది, చేయి మాత్రం లేచేది కాదు. బడిలో బోర్డు మీద కింది సగంలోనే రాసేదాన్ని. వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడి చూసుకునేవాళ్లు. జడ వేసుకోలేక మా ఆయన చేతికి దువ్వెన ఇచ్చాను. ఆయన వేసిన జడ ఎద్దుకు కట్టే పలుపులా ఉందని పాప నవ్వింది.

డాక్టరు నన్ను చేయి లేపమన్నాడు, తర్వాత తానే పట్టుకుని లేపి చూశాడు. ఎవరు లేపినా అక్కడే ఆగింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఫ్రోజన్ షోల్డర్ అన్నాడు. భుజం కీలు చుట్టూ ఉండే పొర వాచి, మందమై, బిగుసుకుపోతుందట. షుగర్ ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుందట. నాకు ఆరేళ్లుగా షుగర్ ఉంది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో 8.9 వచ్చింది. మాత్రలు వేసుకుంటున్నాను కదా అని దాని జోలికే పోలేదు నేను. తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్లు పట్టొచ్చని ఆయన మామూలుగా చెప్పేశాడు. నాకు మాత్రం మూడేళ్లు అన్న మాటే వినబడింది.

కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ముందే హెచ్చరించినట్టు నాలుగు రోజులు షుగర్ పెరిగి దిగింది. రాత్రి నిద్ర పట్టింది. అసలు కష్టం ఎక్సర్‌సైజులతో మొదలైంది. రోజుకు మూడుసార్లు చేయమని ఫిజియోథెరపిస్టు ఒక కాగితం ఇచ్చింది. తెల్లవారి ఐదున్నరకు అని టైం పెట్టుకున్నాను. ఆ టైంకు కుక్కర్ కూసేది, పాప ఇంటర్ పుస్తకాలు వెతుక్కునేది, అత్తమ్మకు కాఫీ కావాలి. నేను గోడ దగ్గర నిలబడితే ఎవరో ఒకరు పిలిచేవాళ్లు, నేను అరిచేదాన్ని. వారమంతా ఎగ్గొట్టి ఆదివారం కసిగా లాగిపడేసేదాన్ని. ఆ రాత్రి మళ్లీ నొప్పి.

"బలవంతం చేస్తే ఇంకా బిగుస్తుంది మేడం" అంది ఆ అమ్మాయి. ఇంట్లో పనులు ఎలా చేసుకుంటున్నారని అడిగింది. నా కష్టం చూడలేక మా ఆయన మిద్దె మీద దండెం నడుము ఎత్తుకు దింపాడని, పప్పు డబ్బాలు కింది అరలో పెట్టాడని, జొన్న రొట్టెలు అత్తమ్మే కొడుతోందని చెప్పాను. ఆమె నవ్వింది. "మీ వాళ్లు మీ చేయికి సెలవిచ్చేశారు. దండెం మళ్లీ పైకి కట్టించండి, కానీ కొంచెం కొంచెంగా."

మా ఆయన మెట్ల గది గోడకు జానెడు ఎడంతో ఆరు మేకులు కొట్టాడు. రెండో కొస ట్యాంకు పైపుకు. ఒక మేకు ఎత్తులో బట్టలు నొప్పి లేకుండా ఆరేయగలిగితేనే పై మేకుకు. పాలు పొంగేలోపు వంటింటి గోడ మీద వేళ్లతో పైకి పాకించేదాన్ని. ఎంత వరకు అందితే అక్కడ పాప పెన్సిల్‌తో గీత గీసేది, చిన్నప్పుడు దాని ఎత్తుకు నేను గీసినట్టు. స్నానం అయ్యాక తువ్వాలు వీపు వెనక రెండు చేతులతో పట్టుకుని తుడుచుకోవడమే ఇంకో ఎక్సర్‌సైజు. గట్టు మీద ఎడమ చేయి ఆనించి వంగి, కుడి చేతిని చేదలా వేలాడదీసి ఊపడం కూర ఉడికేటప్పుడు. వేడినీళ్లతో కలిపిన జొన్నపిండిని తట్టి తిప్పుతుంటే భుజం వదులైనట్టుండేది. ఇది ఏ డాక్టరూ చెప్పలేదు, నా నమ్మకం.

షుగర్ కోసం రాత్రి అన్నం తిన్నాక నడక. ఏప్రిల్‌లో కర్నూలు రోడ్లు సాయంత్రం ఆరింటికి కూడా పెనంలా ఉంటాయి కాబట్టి తొమ్మిదింటికి సి.క్యాంపు వీధుల్లో. మొదట ఒక్కదాన్నే. తర్వాత కుక్కల భయం అని మా ఆయన, ఫోన్‌లో చార్జింగ్ లేదని పాప. ఆర్నెల్లకు ఆ 8.9 కాస్తా 7.1 అయింది.

పద్నాలుగు నెలలు గడిచాయి. బస్సులో రాడ్ అందుతోంది. బోర్డు పైనుంచి రాస్తున్నాను. చేయి వీపు నడిమికి ఇంకా పోదు. జడ సగం నేను వేసుకుంటాను, మిగతా సగానికి పాప.

దండెం ఐదో మేకుకు ఎక్కింది. మొన్న అత్తమ్మ చీర చేతిలో పట్టుకుని మిద్దె మీద నుంచి కేకేసింది. "ఏమ్మే, నీ చేయి బాగైందని సంబరం సరే, నాకెట్ల అందుతాది ఇది?"