లివర్‌లోకి వచ్చాక మళ్లీ ముక్క పరీక్ష

మా రాయగడలో ఎవరికైనా లివర్ బాగోలేదంటే ముందు వచ్చే సలహా పసరు మందు. ఫలానా ఊళ్లో ఇస్తారు, పరగడుపున తాగాలి, ఉప్పు మానేయాలి అని పథ్యంతో సహా చెప్పేస్తారు. ప్రేమతోనే చెబుతారు. కానీ నాకు వచ్చింది కామెర్లు కాదు. కొన్నేళ్ల కిందట ఎడమ రొమ్ములో క్యాన్సర్ వస్తే ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యి, అది తిరిగి రాకుండా రోజూ టామాక్సిఫెన్ అనే హార్మోన్ మాత్ర వేసుకుంటున్నాను. అలాంటప్పుడు కుడి డొక్క కింద బరువు మొదలైంది. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. ఇక్కడి ల్యాబులో లివర్ రక్తపరీక్ష చేస్తే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనేది ఎక్కువగా వచ్చింది. విశాఖ వెళ్లి సీటీ స్కాన్ తీయిస్తే లివర్ రెండు వైపులా మచ్చలు.

"దానికి లివర్ క్యాన్సర్ కూడా వచ్చిందట" అని వీధిలో పాకిపోయింది. డాక్టరమ్మ మాత్రం స్పష్టంగా చెప్పింది. లివర్‌లో కూర్చున్నా అవి రొమ్ము కణాలే, వాటికి రొమ్ము క్యాన్సర్ మందులే పనిచేస్తాయి. లివర్‌లోనే పుట్టిన క్యాన్సర్‌కి ఇచ్చే వైద్యం వేరు.

మా తమ్ముడు ఉండబట్టలేక అడిగాడు. "లివర్ మళ్లీ పెరుగుతుందంటారు కదా మేడమ్, నాది సగం తీసి అక్కకి పెట్టండి." ఆవిడ వాడికి ఓపిగ్గా చెప్పింది. ఈ జబ్బుకి లివర్ మార్పిడి చేయరు, కణాలు రక్తంలో ఇంకెక్కడికైనా వెళ్లి ఉండొచ్చు. ఒకటో రెండో మచ్చలుండి, మిగతా ఒళ్లంతా నెమ్మదిగా ఉంటే కోసి తీయడం, సూదితో కాల్చడం, గురిపెట్టి రేడియేషన్ ఇవ్వడం ఆలోచిస్తారు. నా మచ్చలు అలా లేవు. ఒళ్లంతటికీ చేరే మందే నాకు దారి.

ఏ మందో తేల్చడానికి లివర్ నుంచి ముక్క తీయాలన్నారు, అదే బయాప్సీ. ఇంట్లో గొడవంతా ఇక్కడే. "సూది గుచ్చితే పాకిపోద్ది, పాత రిపోర్టు ఉంది కదా" అంది మా చిన్నత్త. నేను పట్టుబట్టి చేయించుకున్నాను. రొమ్ములో ఉన్నప్పటి స్వభావం లివర్‌కి వచ్చేసరికి మారొచ్చని డాక్టరమ్మ చెప్పింది. పాత కాగితం చూసి మందు ఇస్తే గురి తప్పే అవకాశం ఉంది.

ముందు రక్తం సరిగ్గా గడ్డకడుతోందో లేదో చూశారు. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, కుడిచెయ్యి తల కింద పెట్టించి, పక్కటెముకల మధ్య మత్తు సూది ఇచ్చారు. అల్ట్రాసౌండ్ తెర మీద సూది తెల్లని గీతలా లోపలికి వెళ్లడం కనిపించింది. "ఊపిరి బిగబట్టండమ్మా" అన్నారు. స్టేప్లర్ నొక్కినట్టు టక్‌మని చప్పుడు, కుడి భుజం దాకా ఒక పోటు. ఆ తర్వాత రక్తం కారకుండా కుడిపక్కకి తిరిగి చాలాసేపు పడుకోవాలి.

క్యాన్సర్ కణాల మీద ఈఆర్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌ని అందుకునేది), పీఆర్ (ప్రొజెస్టరాన్‌ని అందుకునేది), హెర్2 అనే ప్రొటీన్ ఉన్నాయా లేదా అని చూస్తారు. రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, హెర్2 నెగెటివ్ అని వచ్చింది. మొదటిసారి ఉన్న పీఆర్ ఈసారి లేదు. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు, కూడా కీమో ఇచ్చేవారు. మూడూ నెగెటివ్ అయితే ముఖ్యంగా కీమో, కొందరికి ఇమ్యునోథెరపీ, అంటే ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు. నాలాంటి వాళ్లకైనా లివర్ వేగంగా చెడిపోతూ బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) పెరుగుతుంటే చాలాసార్లు ముందు కీమోకే వెళతారు. నా బిలిరుబిన్ నార్మల్‌గా ఉంది. నెలసరి ఆగిపోయి చాలా కాలమైంది కాబట్టి టామాక్సిఫెన్ మాన్పించి, ఒంట్లో ఈస్ట్రోజన్ తయారవకుండా చేసే లెట్రోజోల్, దానితో క్యాన్సర్ కణాలు చీలి పెరగకుండా ఆపే పాల్బోసిక్లిబ్ మాత్రలు మొదలుపెట్టారు.

పాల్బోసిక్లిబ్ 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపాలి. తెల్ల రక్తకణాలు పడిపోతాయి, ముఖ్యంగా ఇన్ఫెక్షన్‌తో పోరాడే న్యూట్రోఫిల్స్. అందుకే మొదట్లో రెండు వారాలకోసారి రక్తకణాలు లెక్కించే సీబీసీ పరీక్ష. రాయగడ ల్యాబులో చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పంపేదాన్ని, ప్రతిసారీ రైలెక్కి పార్వతీపురం, విజయనగరం దాటి వెళ్లే పని తప్పింది. ఒకసారి కణాలు బాగా తగ్గి మందు ఆపి, తర్వాత డోసు తగ్గించారు. డోసు తగ్గించారని ఎవరూ బెంగపడొద్దు, ఈ మందుతో అది మామూలే. జ్వరం వస్తే మాత్రం ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. లెట్రోజోల్ వల్ల పొద్దున్నే వేళ్లు, మోకాళ్లు బిగుసుకుపోతాయి. కాసేపు నడిస్తే వదులుతాయి.

డబ్బు సంగతి. విశాఖలో నా పక్కన కూర్చున్న శ్రీకాకుళం ఆవిడకి ఆంధ్ర ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఉంది. మాదీ తెలుగే, మాటా ఒకటే, కానీ మేం ఒడిశా వాళ్లం, ఆ కార్డు మాకు రాదు. ఇలా సరిహద్దున ఉన్నవాళ్లకి ఈ కష్టం ఎంత పెద్దదో అనుభవించాక తెలిసింది. 2023 జనవరిలో పాల్బోసిక్లిబ్ పేటెంట్ ముగిసి మన కంపెనీలు తయారుచేయడం మొదలుపెట్టాక ధర బాగా దిగింది. లేకపోతే మా వల్ల అయ్యేది కాదు.

పసరు గురించి కూడా డాక్టరమ్మనే అడిగాను. ఈ మాత్రని విరిచేది లివరే, దాని మీద ఏముందో తెలియని రసం పోస్తే రెండూ చెడతాయి, వద్దంది. మా చిన్నత్తకి ఆ మాట ఫోన్లో ఆవిడ చేతే చెప్పించాను.

ఈమధ్య స్కాన్‌లో పెద్ద మచ్చ సగానికి పైగా తగ్గింది, చిన్నవి కొన్ని కనిపించడం లేదు. అన్నం తింటున్నాను, బడికి వెళ్లి పాఠాలు చెబుతున్నాను. పూర్తిగా పోయే జబ్బు కాదని తెలుసు. ఈ మాత్రలు పనిచేయడం మానేస్తే ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్, కేపెసిటబిన్ మాత్రలు, ఇంకా కొత్త మందులు ఉన్నాయని, అప్పుడు మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చని చెప్పారు. రొమ్ము క్యాన్సర్ వంశంలో వచ్చేలా చేసే బీఆర్‌సీఏ జన్యువుల పరీక్షలో నాకు మార్పు లేదని తేలింది. ఉంటే ఓలాపరిబ్ అనే ఇంకో దారి కూడా ఉండేదట. అయినా మా అప్పని (అక్కని) వెంటబెట్టుకెళ్లి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించాను. బాగానే ఉంది.