అరచేతిలో పట్టే చక్రం

నెల రోజులుగా మా డీజిల్ కారు సింహాచలం కొండెక్కాలంటే ఆయాసపడుతోంది. యాక్సిలరేటర్ నొక్కితే కాసేపు ఆలోచించి, ఈల వేసి, అప్పుడు కదిలేది. ఇవాళ ఆటోనగర్‌లో టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి తోసే పరికరం) విప్పించా.

మెకానిక్ బాబాయి అందులో గాలిని తోసే రెక్కల చక్రం, కంప్రెసర్ వీల్, తీసి నా చేతిలో పెట్టాడు. చిన్న అల్యూమినియం ముక్క, అరచేతిలో సగం కూడా లేదు. ఇంజిన్ గట్టిగా లాగేటప్పుడు ఇది నిమిషానికి 1,50,000 సార్లు కూడా దాటి తిరుగుతుందంటే నమ్మబుద్ధి కాలేదు.

"వేలు పెట్టి చూడు బాబూ" అన్నాడు. రెక్కల అంచులు ఉప్పుకాగితంతో రుద్దినట్టు అరిగిపోయాయి. ఎయిర్ ఫిల్టర్ సరిగ్గా కూర్చోక దుమ్మంతా లోపలికి పోయిందట. (ఆ చవక ఫిల్టర్ కొన్నది నేనే. ఇంట్లో ఇంకా చెప్పలేదు.)

ప్రతి రెండు పొడుగు రెక్కల మధ్యా ఒక పొట్టి రెక్క ఉంది. అన్నీ పొడుగువే పెడితే గాలి దూరే నోరు ఇరుకైపోతుందని అలా చేస్తారట. ఎవరికి తట్టిందో గానీ, భలే ఆలోచన!

"ఎలాగూ మారుస్తున్నాం, పెద్ద వీల్ వేసేద్దామా?" అన్నా. నవ్వాడు. "పెద్దదైతే గాలి ఎక్కువే తోస్తుంది. కానీ బరువు కదా, స్పీడందుకోడానికి టైం పడుతుంది. హైవే మీద బాగుంటుంది, గాజువాక ట్రాఫిక్‌లో ఏడుస్తావు. పైగా అంత గాలి ఇంజిన్ తీసుకోలేకపోతే వెనక్కి తన్నుతుంది."

పాత సైజుదే వేయమన్నా. బ్యాలెన్సింగ్ చేసి రేపు సాయంత్రం ఇస్తాడట. అప్పటిదాకా సిటీ బస్సే.