రాళ్లు పాలిష్ చేసే మెషిన్‌కి బేరింగులు ఎంచుకున్న తీరు

రాళ్లను నునుపు చేసే టంబ్లర్ చూడటానికి బొమ్మలా ఉంటుంది. రెండు రోలర్లు, వాటి మీద తిరిగే డ్రమ్ము, పక్కన చిన్న మోటారు, అంతే. కానీ ఒకసారి స్విచ్ వేస్తే వారాల తరబడి రాత్రీ పగలూ తిరగాలి. డ్రమ్ములో రాళ్లతోపాటు నీళ్లు, సిలికాన్ కార్బైడ్ గ్రిట్ (రాళ్లను అరగదీసే గట్టి పొడి) ఉంటాయి. మూత దగ్గర కాస్త కారినా ఆ బురద చేరేది బేరింగు దగ్గరికే. సొంతంగా ఒకటి తయారుచేసుకుంటూ నేను ఎక్కువగా బుర్ర బద్దలు కొట్టుకున్నది ఇక్కడే.

ముందు లెక్క వేశాను. నిండు డ్రమ్ము నాలుగు కిలోలు, షాఫ్టు 12 మి.మీ., బుష్ (షాఫ్టు లోపల తిరిగే గొట్టం లాంటి సాదా బేరింగు) పొడవు 15 మి.మీ., రోలరు నిమిషానికి 240 చుట్లు. నాలుగు చోట్లకు పంచితే ఒక్కో బేరింగు మీద పడేది 12 న్యూటన్ల లోపే. ఒత్తిడి సుమారు 0.07 మెగాపాస్కల్, షాఫ్టు అంచు వేగం సెకనుకు 0.15 మీటర్లు. రెండూ గుణిస్తే వచ్చేది పీవీ విలువ, అంటే బుష్ మీద పడే శ్రమకి కొలత; ఇక్కడ అది 0.01. నూనె లేకుండా తిరిగే ఎసిటాల్ ప్లాస్టిక్కే సుమారు 0.1 దాకా తట్టుకుంటుంది. నూనె పీల్చుకున్న సింటర్డ్ బ్రాంజ్ (కంచు పొడిని అదిమి కాల్చి చేసినది) అయితే 1.7 దాకా. ఇక బరువు గురించి టెన్షన్ లేదు, ఏది పెట్టినా మోస్తుంది. తేల్చాల్సింది గ్రిట్ సంగతే.

సింటర్డ్ బ్రాంజ్ అంటే నాకు మోజు. దాని సన్నని రంధ్రాల్లో నూనె దాగి ఉంటుంది, తిరిగి వేడెక్కితే బయటికి ఊరుతుంది, చల్లారితే లోపలికి పోతుంది. అయితే ఆ నూనె తడికే గ్రిట్ అంటుకుంటుంది. అంటుకున్న రేణువు మెత్తని బ్రాంజ్‌లో నాటుకుని, గట్టిదైన షాఫ్టునే చెక్కుతుంది. బుష్ బాగానే కనిపిస్తుంది, గాడి పడేది షాఫ్టుకి. ప్లాస్టిక్‌లోనూ రేణువులు నాటుకుంటాయి, కాకపోతే పొడిగా తిరుగుతుంది కాబట్టి అంటుకునేది తక్కువ.

నైలాన్‌ని వెంటనే పక్కన పెట్టేశాను. బాగా నానితే నైలాన్-6 తన బరువులో 8, 9 శాతం దాకా నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, షాఫ్టుని పట్టేస్తుంది. ఎసిటాల్ పీల్చేది ఒక శాతం లోపే. వేడికి మాత్రం అది ఉక్కు కన్నా తొమ్మిది పది రెట్లు వ్యాకోచిస్తుంది. అందుకే బ్రాంజ్‌కి ఇచ్చినట్టు 0.02 మి.మీ. కాకుండా 0.1 మి.మీ. ప్లే (షాఫ్టుకీ బుష్‌కీ మధ్య సందు) వదిలి బోరు చేశాను. చేత్తో కదిపితే షాఫ్టు టకటక ఆడుతుంది. మొదట చూసినవాళ్లు లూజుగా ఉందంటారు, అననివ్వండి.

ఊరికే తిరిగే రోలరుకి రెండు వైపులా ఎసిటాల్ బుష్‌లే. మోటారు తిప్పే రోలరుకి బెల్టు లాగుడు అదనం కాబట్టి 6001-2ఆర్‌ఎస్ బాల్ బేరింగులు వేశాను. అదే బేరింగులో జడ్‌జడ్ రకానికి ఉండేది రేకు మూత, దాని అంచున సందు ఉంటుంది, బురదకి అది చాలు. 2ఆర్‌ఎస్‌కి ఉన్నది రబ్బరు సీలు.

అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం షాఫ్టుకి బేరింగు ముందు తొడిగిన రబ్బరు రింగు. షాఫ్టు వెంట పాకే నీళ్లు రింగు దగ్గర ఆగి కింద ట్రేలో రాలిపోతాయి. ముతక గ్రిట్ విడత అయ్యాక విప్పి చూస్తే రింగుకి ఇవతల బూడిదరంగు బురద పేరుకుని ఉంది, అవతల బేరింగు వైపు షాఫ్టు శుభ్రంగా ఉంది. బుష్ లోపల ఒకవైపు మాత్రం కాస్త మెరుపు తేలింది. ఇంకో జత బుష్‌లు లేత్ మీద తిప్పించి పక్కన పెట్టుకున్నాను. అరిగితే తోసేసి కొత్తవి దింపడమే, రోలరు ఫ్రేముని కదపక్కర్లేదు.