బుధవారం పరిగె

ప్రతి బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు నా ఫోను నుంచి మా క్రైస్తవ సంఘంలోని 94 ఇళ్లకు ఐదు నిమిషాల ఆడియో ఒకటి వెళ్తుంది. ఆదివారం మా పాస్టరు అయ్యగారు చెప్పిన వాక్యంలోంచి ఒక ముక్క, చివర ఒక ప్రశ్న. దానికి మేము ‘పరిగె’ (కోత తరువాత చేలో రాలిన కంకులు ఏరుకోవడం) అని పేరు పెట్టుకున్నాం. ఈ మధ్య పక్క ఊళ్ల సంఘాలవాళ్లు ఇద్దరు ముగ్గురు ఫోను చేసి ఎలా చేస్తున్నారో చెప్పమని అడిగారు. ఫోనులో సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

మాది కోనసీమలో ఒక బాప్టిస్టు సంఘం. 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీలు కాకినాడలో పని మొదలుపెట్టాక ఈ గోదావరి ఊళ్లలో ఒక్కొక్కటిగా లేచిన సంఘాల్లో అదీ ఒకటి. మా నాయనమ్మ అందులో బైబిల్ స్త్రీగా పనిచేసింది. ఇప్పటి పిల్లలకు ఆ మాటే తెలియదు. భుజాన గుడ్డ సంచి, అందులో బైబిలు, పాటల పుస్తకం, చుట్టచుట్టిన బొమ్మల పటాలు. సోమవారం మొదలు శనివారం వరకు ఇల్లిల్లూ తిరిగేది. గుడికి రాలేని బాలింతలు, మంచాన పడ్డవాళ్లు, ఆదివారం కూడా కూలికి వెళ్లకపోతే గడవనివాళ్లు, వీళ్లందరి దగ్గరకూ వెళ్లేది. పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చుని, “మొన్న అయ్యగారు ఏం చెప్పారంటే” అని మొదలుపెట్టేది. వాళ్లు అడిగిన సందేహాలను శనివారం సాయంత్రం అయ్యగారి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటిగా చెప్పేది. సెలవుల్లో ఆమె వెంట నేను కూడా తిరిగాను. ఆదివారం ప్రసంగం వారమంతా ఊళ్లో తిరిగిందంటే ఆమె కాళ్ల మీదే తిరిగింది.

ఆమె తరువాత ఆ పని ఎవరికీ అప్పగించలేదు. ఆ లోటు మాకు చాలాకాలం కనబడలేదు.

2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ ఆదివారం, మా గుడి తలుపు తెరుచుకోలేదు. ఏప్రిల్ 12న ఈస్టర్ పండుగ కూడా ఇళ్లలోనే గడిచింది. మొదట జూమ్‌లో కూడుకున్నాం. డబ్బు కట్టని ఖాతాకు 40 నిమిషాలే సమయం కాబట్టి ముగింపు ప్రార్థన మధ్యలో అందరి ముఖాలూ ఒక్కసారిగా మాయమయ్యేవి. ఆ తరువాత యూట్యూబ్ ప్రత్యక్ష ప్రసారానికి మారాం. ఆ నెలల్లో అది మాకు ఊపిరి పోసిందని ఇప్పటికీ అంటాను.

గుడి మళ్లీ తెరిచాక కూడా ప్రసారం ఆగలేదు. స్టాండు, కెమెరా, వాటి దగ్గర ఇద్దరు కుర్రాళ్లు. ఒకరోజు ఆ ఛానెల్ లెక్కలు తెరిచి చూశాను. 48 నిమిషాల ప్రసంగంలో జనం సగటున చూసింది ఆరు నిమిషాలు. కెమెరా దగ్గర నిలబడిన పిల్లలైతే ఆ ఆరు నిమిషాలు కూడా వినలేదు. సంఘ పెద్దల కూటంలో నా మాట చెప్పాను: మంచాన ఉన్నవాళ్ల కోసం ప్రసారం ఉండనిద్దాం, కానీ దానివల్ల ఆదివారం కాస్త దూరం వెళ్తోందే తప్ప సోమవారంలోకి రావడం లేదు. నాకు కావలసింది నాయనమ్మ సంచి లాంటిది.

అయ్యగారు వెంటనే ఒప్పుకోలేదు. “నా మాటలు ముక్కలు చేస్తే అర్థం మారిపోదా అమ్మా?” అన్నారు. ఆ భయం న్యాయమైనదే. ఒకసారి కానుకల గురించి ఆయన చెప్పిన మాట తీసుకుని, దానికి ముందు చెప్పిన షరతు వదిలేశాను. నేను పంపబోయిన ముక్క విన్నవాళ్లు అప్పు చేసైనా ఇవ్వాలని అనుకుని ఉండేవారు. ఆయన చెప్పింది దానికి పూర్తిగా ఎదురు. అప్పటినుంచి బుధవారం మధ్యాహ్నం ఆయన విని సరే అన్నాకే ఏదైనా బయటకు వెళ్తుంది.

మంగళవారం రాత్రి వంటింటి సర్దుడు అయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుంటాను. రికార్డింగు ఆదివారమే నా పాత ఫోనులో చేసి ఉంటాను. ప్రసంగ పీఠం మీద గుడ్డ మడిచి దాని మీద ఫోను, అయ్యగారి చొక్కాకు చిన్న కాలర్ మైకు. గుడిలో పెద్ద స్పీకరు నుంచి తీస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. పీఠం మీది ఫ్యాను ఒక్కటి ఆపిస్తే సగం హోరు పోతుంది. మిగతాది ఆడాసిటీలో సరిచేస్తాను, అది ఉచితంగానే దొరుకుతుంది. సంగీతం కలపను. ప్రసంగం కింద కీబోర్డు మోగితే విన్నవాడికి కన్నీళ్లు రావచ్చు గానీ మాట నిలవదని నా గట్టి నమ్మకం.

ఏ ముక్క తీయాలి అన్నదే అసలు పని. మొదట్లో అయ్యగారు గొంతు పెంచిన చోట్లు వెతికేదాన్ని. తెర మీద ధ్వని రేఖ ఎత్తుగా లేచిన చోట్లు అవి. కొన్నాళ్లకు తెలిసింది, అక్కడ అందరికీ తెలిసిన మాటే ఉంటుందని. ఇప్పుడు రేఖ సన్నబడి దాదాపు గీతలా మారిన చోటికి వెళ్తాను. అక్కడ ఆయన ఒక క్షణం ఆగి ఉంటారు, బైబిలు కాగితం తిప్పిన చప్పుడు వినబడుతుంది, తరువాత ముందుగా రాసుకోని మాట ఒకటి వస్తుంది. చాలాసార్లు ఆ వారపు ముక్క అక్కడే దొరుకుతుంది.

ఇక ప్రశ్న. వచనం అప్పజెబితే సరిపోయే ప్రశ్న వేయకూడదు. జవాబు వాళ్ల ఇంట్లోంచి, పొలంలోంచి రావాలి.

రెండేళ్ల కిందట దాళ్వా (రెండో పంట) కోతల సమయంలో అయ్యగారు బైబిల్లోని రూతు గ్రంథం రెండో అధ్యాయం చెప్పారు, విధవరాలైన రూతు బోయజు అనే ఆసామి చేలో పరిగె ఏరుకునే చోటు. నేను పంపిన ప్రశ్న ఇది: “పరిగె ఏరుకునే రూతు కోసం బోయజు తన పనివాళ్లతో కావాలనే పిడికెళ్లు జారవిడవమన్నాడు. పిలిచి చేతికే ఇవ్వవచ్చు కదా, అలా ఎందుకు చెప్పాడు?” ఎక్కువమంది కుడిచేయి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదని కదా అన్నారు. మంచి జవాబే. గురువారం పొద్దున సంఘంలోని ఒక మామ్మ దగ్గర నుంచి ఒకటి వచ్చింది. ఆమెకు ఎనభై దాటాయి, ఫోను లేదు. మనవడు బటన్ నొక్కి పట్టుకుంటే మాట్లాడింది.

“అమ్మాయీ, నేను పరిగెకు వెళ్లినదాన్నే. చేతికి ఇస్తే అది బిచ్చం. నేల మీద ఏరుకుంటే నా కష్టం. ఇంటికొచ్చి పిల్లలకు వండిపెట్టేటప్పుడు నేను తెచ్చాను అనుకుంటాను, ఎవరో పెట్టారు అనుకోను.” ఇక్కడ కాసేపు ఏమీ వినబడదు, వెనుక కోడి ఒకటి కొక్కొరిస్తుంది. తరువాత: “మా రోజుల్లో ఒక కామందు ఉండేవాడు. పన (వరి కట్ట) గట్టిగా కట్టవద్దురా అని కూలీల మీద కేకలు వేసేవాడు. వదులుగా కట్టిన పన మోసుకుపోతుంటే గట్టు పొడుగునా కంకులు రాలేవి. సాయంత్రానికి నాకు కుంచెడు గింజలు అయ్యేవి. ఆయనకు పని తెలియదని నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు ఈ ప్రశ్న వింటుంటే ఆయన ఎందుకు అలా చెప్పేవాడో తెలిసింది.”

అది అయ్యగారికి వినిపించాను. రెండుసార్లు విన్నారు. కళ్లజోడు తీసి పక్కన పెట్టి, “ముప్పై ఏళ్లుగా ఈ అధ్యాయం చెబుతున్నాను, ఇది నాకు తట్టలేదు” అన్నారు. మామ్మ ఇంటికి వెళ్లి అనుమతి అడిగి, ఆ తరువాతి ఆదివారం ప్రసంగం ఆ వదులుగా కట్టిన పన దగ్గరే మొదలుపెట్టారు. మామ్మ ముందు చాప మీద కూర్చుని వింది. ‘పరిగె’ అన్న పేరు అలా వచ్చింది. కోత అయ్యాక చేలో ఇంకా గింజ ఉంటుందని మా సంఘంలో అందరికీ తెలుసు. ఏరుకునేవాళ్లు వెనక్కి కూడా తెచ్చి పోస్తారని ఆ వారమే తెలిసింది.

ఇక మేము చేసిన తప్పు కూడా చెప్పాలి. ముందు ఇదంతా వాట్సాప్ గుంపులో నడిపాం. శుభోదయం బొమ్మలు, ఎక్కడివో తెలియని ప్రవచనాలు, కషాయం చిట్కాలు వచ్చిపడేవి. అవి భరించవచ్చు. కానీ ఒక సహోదరి తన జబ్బు గురించి ప్రార్థించమని ఆ గుంపులో చెప్పుకుంది. రెండు రోజుల్లో ఆ మాట వేరే ఊరికి, ఆమె కూతురిని చూసి వెళ్లిన వాళ్లింటికి చేరింది. సంబంధం తప్పిపోయింది. ఎవరు పంపారో మేము వెతకలేదు. నేను ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను, ఆమె ఏమీ అనకుండా మంచినీళ్లు ఇచ్చింది. ఆ రాత్రే గుంపు మూసేశాం.

ఇప్పుడు బ్రాడ్‌కాస్ట్ జాబితా వాడుతున్నాం. ఒకరి నంబరు మరొకరికి కనబడదు, జవాబు నాకు ఒక్కదానికే వస్తుంది. ఇందులో చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది: నా నంబరు వాళ్ల ఫోనులో సేవ్ చేసి ఉంటేనే సందేశం అందుతుంది. మొదటి వారం సగం మందికి చేరలేదు. సండే స్కూలు పిల్లలు ఇద్దరిని వెంటబెట్టుకుని నాలుగు సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లి, ఒక్కొక్క ఫోనూ తీసుకుని నంబరు ఎక్కించాం. మూడో సాయంత్రం చెరువు గట్టు సందు మలుపు తిరుగుతుంటే తెలిసింది, ఇవన్నీ నాయనమ్మతో నేను తిరిగిన వీధులే. ప్రార్థన మనవులు మాత్రం ఇప్పుడు ఫోనులో తీసుకోము. నేనో, అయ్యగారి భార్య అమ్మగారో ఇంటికి వెళ్తాం.

వీడియో ఎందుకు పంపరని అడుగుతారు. ఐదు నిమిషాల వాయిస్ సందేశం ఒక ఎంబీ కూడా ఉండదు. గంట వీడియో వందల ఎంబీలు తింటుంది, నెల చివర రీచార్జి అయిపోయినవాళ్లు దాన్ని తెరవనే తెరవరు. పైగా ఆడియో అయితే అంట్లు తోముకుంటూ వినవచ్చు. బటన్ల ఫోను ఉన్నవాళ్లు పక్కింటి అరుగు మీద చేరి వింటారు. కొలొస్సయి సంఘానికి రాసిన ఉత్తరాన్ని లవొదికయ సంఘంలోనూ చదివించమని పౌలు చెప్పాడు కదా, ఆ అరుగులను చూసినప్పుడు నాకు అదే గుర్తుకొస్తుంది.

జాబితాలో ఒక నంబరు కువైట్‌ది. వరసకు నాకు వదిన. ఒక ఇంట్లో వంటపని చేస్తుంది. కువైట్ నగరంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో శుక్రవారాలు ఎన్నో భాషల ఆరాధనలు జరుగుతాయి, తెలుగు ఆరాధన కూడా ఉంది. కానీ ఆమెకు శుక్రవారమే ఇంటినిండా బంధువులు, పని రెట్టింపు. అక్కడికి రెండుసార్లే వెళ్లగలిగింది. పరిగె మాత్రం వారం తప్పకుండా వింటుంది. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనుక. గిన్నెలు కడిగి, దీపాలు ఆర్పి ఆమె జవాబు పంపేసరికి మాకు రాత్రి ఒంటిగంట దాటుతుంది. పక్కవాళ్లు లేవకుండా గుసగుసగా మాట్లాడుతుంది.

రూతు అత్త నయోమి ఏళ్ల తరువాత మోయాబు దేశం నుంచి తిరిగి వచ్చినప్పుడు ఊరి స్త్రీలు ఈమె నయోమియేనా అనుకున్న చోటును ఒక వారం పంపాను. వదిన జవాబు చాలా చిన్నది: “నేను వచ్చేసరికి మా పాప కూడా అలాగే అంటుందేమో వదినా.” పాపకు తొమ్మిదేళ్లు, అమ్మమ్మ దగ్గర ఉంటుంది, నా సండే స్కూలు తరగతే. ఆ మాట నేను ఎవరికీ వినిపించలేదు. తరువాతి మంగళవారం పాపను మా ఇంటికి పిలిచి, ఆడియో మొదట్లో వచ్చే వాక్యభాగం తనచేత చదివించాను. అప్పటినుంచి ప్రతి పరిగె ఆ పిల్ల గొంతుతోనే మొదలవుతుంది. ఊళ్లోవాళ్లకు అది వాక్యపఠనం. వదిన ఒక్కటి కూడా చెరపకుండా దాచుకుంది.

ఈ వారం బైబిల్లోని నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం. యాజకుడైన ఎజ్రా ధర్మశాస్త్రం చదువుతుంటే లేవీయులు (ఆలయ సేవకులు) జనానికి దాని అర్థం విడమరిచి చెప్పిన చోటు. అందులో ఎజ్రా పక్కన నిలబడినవాళ్ల పేర్ల వరస ఉంది. పాప హిల్కీయా దగ్గర ఒకసారి, మయశేయా దగ్గర మూడుసార్లు ఆగిపోయింది. ఐదోసారి గుక్కతిప్పుకోకుండా చదివేసింది. బుధవారం పంపాను. రాత్రి ఒంటిగంటా పది నిమిషాలకు ఫోను వెలిగింది.

“మయశేయా బాగా పలికింది. కానీ తొందర ఎక్కువైంది, వచ్చేవారం నిదానంగా చదవమని చెప్పండి.”